ఇక్బాల్ బీ కుట్టిన మూడు దిండ్లు

నాకు ఇప్పటిదాకా పదకొండు శాలువాలు కప్పారు. అందులో రెండు కలెక్టర్లు కప్పినవి. మర్రిగూడ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ ఏడు చేతిరాతకు నాకు బహుమతిగా ఇచ్చిన ఇంకు పెన్ను ఇంకా నా పెట్టెలో ఉంది, పాళీ ఒక్కటే మార్చాను. ఆ చేతిరాతతోనే మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు మనుషుల ఎముకలను ఎట్లా వంచుతున్నాయో పై అధికారులకు అర్జీలు రాశాను. మా వికలాంగుల సంఘానికి పంతొమ్మిదేళ్లుగా నేనే అధ్యక్షుణ్ణి. అరవై మూడు మందికి సదరం క్యాంపులో వైకల్యం సర్టిఫికెట్లు ఇప్పించాను. మెట్లెక్కలేని వాళ్ల కోసం మండలాఫీసు ముందర వాలుబాట కట్టించాను. కృష్ణా నీళ్లు మా వాడకు వచ్చిన రోజు మొదటి నల్లా తిప్పింది ఈ చెయ్యే.

ఇంత చేసిన మనిషి రెండే రెండు మాటలతో ఒకరి ప్రాణం మీదికి తెచ్చాడు. ఆ ప్రాణాన్ని వెనక్కి తీసుకొచ్చిన మనిషికి ఎవరూ శాలువా కప్పలేదు. పేపర్లో ఆమె ఫొటో రాలేదు. అందుకని ఆమె సంగతి నేనే రాస్తున్నాను. పేరు ఇక్బాల్ బీ. పరుపులు, దిండ్లు కుడుతుంది. మా వాడ చివర మసీదు సందులో, తమ్ముడు యాకూబ్‌తో ఉంటుంది.

వాళ్ల నాయిన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఆ మనిషి వీపు నలభై ఏళ్లకే వంగింది, భుజం విల్లును మోయలేకపోయింది. అప్పుడు ఇక్బాల్ బీకి పదమూడేళ్లు. విల్లు తీసి తన భుజాన పెట్టుకుంది. ఆడపిల్ల విల్లు మోయడమేమిటని చుట్టాలు నొచ్చుకున్నారు. దూదికి ఆడా మగా తెలుస్తుందా అని అడిగిందట. పెళ్లయి దేవరకొండ పోయి, నాలుగేళ్లకు భర్త పోతే తిరిగి వచ్చింది. అప్పటికి తమ్ముడు యాకూబ్ కూడా వంగిపోయాడు.

యాకూబ్ సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్ల వయసులో నడుము పట్టేసింది, తరువాత వెన్నుపూసలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి కొడవలి లెక్క అయ్యాడు. మెడ కదలదు. మోకాళ్లు పూర్తిగా చాచుకోవు. బస్సు స్టేజీ దగ్గర చిన్న డబ్బాలో సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. నేల చూసుకుంటూ నడిచేవాడికే కింద పడిన స్క్రూ దొరుకుతుందని నవ్వుతాడు. చేతి పనిలో అతణ్ణి మించినవాడు మా మండలంలో లేడు.

అట్లాంటి ఒళ్లు మంచం మీద ఎట్లా పడుకుంటుందో బయటివాళ్లకు తెలియదు. వెల్లకిలా పడుకోబెడితే మంచానికి తగిలేది వీపు మీది వంపు మాత్రమే. దానికి అటూ ఇటూ అంతా ఖాళీ. తల గాలిలో వేలాడుతుంది. తల వేలాడితే గొంతు నొక్కుకుంటుంది, ఛాతీ లేవదు. బోర్లా పడుకోబెడితే ఇంకా కష్టం. ఆ ఖాళీలకు సరిపడా దిండ్లు కుట్టడమే ఇక్బాల్ బీ విద్య. మనిషిని గోడకు ఆనించి కూర్చోబెడుతుంది. సుఖంగా ఊపిరి తీసుకునే దాకా జరుపుతుంది. అప్పుడు వీపు వెనక పిడికిలి పెట్టి కొలుస్తుంది, మెడ వెనక వేళ్లు పెట్టి కొలుస్తుంది. ఒకసారి నేను దర్జీ టేపు తెచ్చి ఇస్తే తిరిగి ఇచ్చేసింది. టేపు నిటారు మనుషులకు కాకా, అంది. ఒక్కొక్కరికి మూడు దిండ్లు. వీపు కిందికి వాలుగా ఒకటి, మెడకు గుండ్రంగా ఒకటి, మోకాళ్ల కిందికి ఒకటి. కొత్త దూది కుంగిపోతుందని పాత బొంతల దూదిని విప్పి, గట్టిగా దట్టించి కుడుతుంది. ఎవరి దిండు ఇంకొకరికి పనికిరాదు.

మా ఊళ్లో ఇట్లాంటి దిండ్లు లేని ఇల్లు తక్కువ. మా ఈడు వాళ్లలో వీపు నిటారుగా ఉన్న మనిషి కనిపిస్తే ఏ ఊరి నుంచి వచ్చావని అడుగుతాం. నేను కాస్త నయం. నడుము బాగుంది, మెడ ఒక్కటి తిరగదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాను. తెలియనివాళ్లు దాన్ని పెద్దరికం అనుకుంటారు. నేనూ అనుకోనిచ్చాను.

రెండో విడత కరోనా వచ్చిన ఏడు, మే నెల. పొద్దున ఆరు నుంచి పది దాకే దుకాణాలు తెరిచేవాళ్లు, పది దాటితే రోడ్డు మీద పోలీసులు. యాకూబ్‌కు నాలుగు రోజులు జ్వరం వచ్చింది, ఐదో రోజు దమ్ము పట్టుకుంది. ఆశా కార్యకర్త వేలికి మిషన్ పెట్టి చూస్తే ఎనభై తొమ్మిది చూపించింది. మంచి ఊపిరి ఉన్నవాళ్లకు తొంభై ఐదు పైన ఉండాలి. అంబులెన్సుకు ఫోన్ చేసింది నేనే. మా ఊరికి అంబులెన్సు రాదు అన్నవాళ్లున్నారు. నా పేరు చెబితే మధ్యాహ్నం మూడు గంటలకల్లా వచ్చింది.

బండితో వచ్చినతను ఒళ్లంతా తెల్ల బట్ట కప్పుకుని ఉన్నాడు, కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. అట్ట మీద కాగితం పెట్టుకుని వివరాలు అడిగాడు. ఇక్బాల్ బీ దిండ్లు తేవడానికి లోపలికి పోయింది. యాకూబ్ మాట్లాడలేకుండా ఉన్నాడు. జవాబులు నేను చెప్పాను. పేరు, వయసు నలభై ఆరు. షుగరు లేదు. బీపీ లేదు. ఉబ్బసం లేదు. ఇంకేమైనా లోపం, వైకల్యం ఉందా అని అడిగాడు.

"ఏం లేదు నాయినా, మంచిగనే ఉంటడు. రోజూ స్టేజికాడ పని చేసుకుంటడు" అన్నాను.

దాచాలని చెప్పిన మాట కాదు. యాకూబ్‌కు ఏమన్నా అయిందని నా మనసుకు తోచలేదు, అంతే. అరవై మూడు మందికి సర్టిఫికెట్లు ఇప్పించినవాడిని, అందులో యాకూబ్‌ది పదిహేడోది. అయినా సరే, ఆ అట్ట ముందర నిలబడినప్పుడు నా కళ్లకు అతను మా ఊరి మామూలు మనిషి లెక్కనే కనిపించాడు.

అతను రాసుకున్నాడు. దగ్గుతో ముడుచుకున్నాడని అనుకున్నట్టున్నాడు. అట్లా ముడుచుకున్నట్టే కూర్చోబెట్టి బండి ఎక్కించారు. ఇక్బాల్ బీ మూడు దిండ్లు తెచ్చేసరికి, ఇంటి బట్టలు వార్డులోకి రానియ్యరని, తోడు మనుషులను గేటు దాటనియ్యరని చెప్పాడు. ఆమె దిండ్లు గట్టిగా పట్టుకుని నిలబడింది. పెద్ద దవాఖానలో దిండ్లు ఉండవా, పోనీ బిడ్డా అని నేనే సర్దిచెప్పాను. బండి పోయింది. దవాఖాన పేరు ఇక్కడ రాయను. ఆ నెలలో అక్కడ పని చేసినవాళ్లు కూడా నిద్ర ఎరగనివాళ్లే.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు యాకూబ్ ఫోన్ నుంచి ఇక్బాల్ బీకి పిలుపు వచ్చింది. మాట్లాడింది అతను కాదు. పక్క మంచం మీద ఉన్న ప్రేమ్‌సాగర్ అనే బడిపంతులు. ఇక్బాల్ బీ పరుగున మా ఇంటికి వచ్చి ఫోన్ గట్టిగా వినిపించేలా పెట్టింది. పంతులు ఆగి ఆగి చెప్పాడు. వచ్చినప్పటి నుంచి యాకూబ్‌ను వెల్లకిలా పడుకోబెట్టారు, తల గాలిలో వేలాడుతోంది. పొద్దున ఊపిరి కోసం అందరినీ బోర్లా తిప్పుతూ ఇతన్నీ తిప్పారు, ఇద్దరు భుజాలు పట్టి అదిమారు. నొప్పికి నెట్టేశాడు, ముక్కు మీది మాస్కు ఊడింది. మళ్లీ పీకుతాడని ఎడమ చెయ్యిని బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీకి కట్టారు. కాగితంలో సహకరించడం లేదని రాశారు. వేలి మిషన్ ఎనభై ఆరు చూపిస్తోంది.

వెనకనుంచి యాకూబ్ గొంతు వినిపించింది.

"అక్కా... నన్ను చాప లెక్క పరుస్తుండ్రు. నేను చాపను గాదు గద."

ఫోన్ కట్టయింది. ఇక్బాల్ బీ ఏడవలేదు. నా ఎదురుగా నిలబడి ఒక్క మాట అడిగింది.

"కాకా, నిన్న ఆ బండాయనకు తమ్ముని నడుము సంగతి చెప్పినవు గద?"

"అన్నీ చెప్పిన బిడ్డా" అన్నాను.

పంతొమ్మిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్న నోటి నుంచి ఆ మాట వచ్చింది. అబద్ధమని ఆ క్షణంలోనే నాకు తెలుసు. వెనక్కి తీసుకుందామనుకునేలోపే ఆమె దిండ్లు తేవడానికి పోయింది.

దశరథ్ ఆటో మాట్లాడుకున్నాం. దవాఖానకు గంటన్నర దారి, అప్పటికే తొమ్మిది దాటింది. నేను నా ఫైలు తీసుకున్నాను. అందులో ఇన్నేళ్ల అర్జీల నకళ్లు, పేపర్ల ముక్కలు ఉన్నాయి. వాటితోపాటు ముందటేడు లాక్‌డౌన్‌లో ప్రభుత్వం పంపిన సూచనల కాగితం ఉంది. కరోనా సమయంలో వికలాంగులకు సాయం చేసే మనిషిని దూరం పెట్టరాదని, వైద్యంలో వాళ్లకు తక్కువ చేయరాదని అందులో ఉంది. సంఘం మీటింగుల్లో దాన్ని నేను నాలుగుసార్లు చదివి వినిపించాను. ఎక్కడ కామా ఉందో కూడా చెప్పగలను.

ఇక్బాల్ బీ దిండ్లతోపాటు యూరియా బస్తాల లోపల ఉండే ప్లాస్టిక్ సంచులు నాలుగు, సూది, నైలాన్ దారం తెచ్చుకుంది. ఇంటి గుడ్డ రానియ్యరన్నారు గనక దిండ్లకు ప్లాస్టిక్ తొడుగు వేస్తోంది. తుడిస్తే శుభ్రమవుతుంది, మందు నీళ్లు కొట్టినా దూది తడవదు. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా సూది పైకెత్తి పట్టుకునేది, దిగగానే మళ్లీ గుచ్చేది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. మెడ తిరగదు గనక ఆమె ముఖం నాకు కనపడలేదు. సూది ప్లాస్టిక్‌లో దిగే చప్పుడు మాత్రం దారంతా వినిపించింది. అన్నీ చెప్పిన అన్న మాట ఆ చప్పుడుతో పాటు నాలో గుచ్చుకుంటూనే ఉంది. ఇప్పుడు చెబుదాం, వచ్చే ఊరు దాటాక చెబుదాం అనుకుంటూ మూడు ఊళ్లు దాటాను.

పది గంటల ఇరవై నిమిషాలకు చౌరస్తాలో పోలీసులు ఆపారు. కానిస్టేబుల్ లాఠీతో దిండ్లను పొడిచి చూశాడు. సరుకు అమ్మకానికి తీసుకుపోతున్నామని అనుకున్నాడు. నేను దిగి నేనెవరినో చెప్పాను, కలెక్టరు శాలువా కప్పుతున్న పేపరు ఫొటో చూపించాను.

"పేపర్ల ఫొటో పడితే పాసా పెద్దాయనా? బండి పక్కకు పెట్టు" అన్నాడు.

పావుగంట ఎండలో నిలబెట్టారు. దశరథ్ ఇంజన్ ఆపి, మళ్లీ స్టార్టు చేసి, మళ్లీ ఆపాడు. ఇక్బాల్ బీ ఆఖరి కుట్టు వేసి, దారం పంటితో తెంపి, గుండ్రని దిండు చేత పట్టుకుని దిగింది.

"ఇది నా తమ్ముని మెడ సారూ. ఇంటికాడనే ఇడిసిపెట్టి దవాఖానకు పోయిండు. ఇచ్చి రావాలె."

అతను దిండు చూశాడు, ఆమెను చూశాడు. లాఠీతో దారి చూపించాడు. నా పదకొండు శాలువాలు చేయలేని పని అది.

దవాఖాన గేటు దగ్గర టెంటు వేసి, ప్లాస్టిక్ తెర వెనక నవీన్‌కుమార్ అనే గుమాస్తాను కూర్చోబెట్టారు. ముందర యాభై మందికి పైగా ఉన్నారు. ఒకామె తన భర్త పేరు మళ్లీ మళ్లీ చెబుతోంది, జాబితాలో దొరకడం లేదు. మా వంతు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ఈలోగా పంతులు మళ్లీ ఫోన్ చేశాడు. ఎనభై నాలుగు అన్నాడు. యాకూబ్ మాట్లాడటం మానేశాడన్నాడు.

నేను కాగితం తెర కింద నుంచి తోశాను. నవీన్‌కుమార్ మంచివాడు, విసుక్కోకుండా మొత్తం చదివాడు. ఈ ఆర్డరు తమకూ వచ్చిందని, సదరం ఉన్నవాళ్లకు ఒక సాయం మనిషిని లోపలికి పంపుతున్నామని చెప్పాడు. ఇక్బాల్ బీ దిండ్లు ఎత్తుకుంది. అతను యాకూబ్ కాగితం వెతికి తీశాడు. చదివి, ఆగిపోయాడు.

"కని పెద్దాయనా, మీ మనిషి ఆ లెక్కల లేడు. లోపం, వైకల్యం ఏమీ లేవు అని ఉన్నది. చెప్పినవారు... ఇస్రాయేలు, సంఘం అధ్యక్షుడు." తల ఎత్తాడు. "ఇస్రాయేలు ఎవరు?"

ఇక్బాల్ బీ నా పక్కన ఉంది. ఆమె ముఖం చూడాలంటే నేను ఒళ్లంతా తిప్పాలి. తిప్పలేదు.

"కాకా," అంది మెల్లగా. "అన్నీ చెప్పిన అన్నవు."

"చెప్పలేదు బిడ్డా. ఆయన అడిగిండు, నేను ఏం లేదన్న. యాకూబుకు ఏమన్న అయిందని నాకు యాదికే రాలే."

వెనక ఉన్నవాళ్లు తోస్తున్నారు. ఆమె కదలలేదు.

"యాదికి రాకపోవుడు ఒక తప్పు. మనూర్ల అది ఎవలకైన అయితది. చెప్పిన అనుడు ఇంకో తప్పు. దాని గురించి నీతోని తర్వాత మాట్లాడుత. ఇప్పుడు రాయి."

సదరం కాగితం ఇంట్లో పెట్టె అడుగున ఉంది. తెచ్చేసరికి సాయంత్రం అవుతుంది. నవీన్‌కుమార్ ఆలోచించి ఒక దారి చెప్పాడు. వివరం ఇచ్చిన మనిషే అది తప్పని రాసిచ్చి సంతకం పెట్టాలి. వార్డు పెద్ద నర్సు కంటితో చూసి నిజమేనని ఒప్పుకోవాలి. అప్పుడు కాగితం మారుస్తాను అన్నాడు. ఒక తెల్లకాగితం ఇచ్చాడు.

నేను రాసిన అర్జీలన్నీ దొరల మీద, ఆఫీసుల మీద, నీళ్ల మీద. నా మీద నేనే రాసుకున్న అర్జీ అదొక్కటే. ఆటో సీటు మీద కాగితం పెట్టి రాశాను. ఇస్రాయేలు అను నేను నిన్న చెప్పిన వివరం తప్పు. యాకూబ్ ఎముకల జబ్బుతో వంకర తిరిగిన మనిషి. వీపు, మెడ, మోకాళ్లు చాచుకోవు. వెల్లకిలా గాని బోర్లా గాని పరచరాదు. అతను సహకరించకపోవడం కాదు, అతని ఒళ్లు సహకరించదు. ఈ తప్పు నాది, అతనిది కాదు. బహుమతి తెచ్చిన చేతిరాత ఆ రోజు వంకరగా పోయింది. సంతకం మాత్రం తిన్నగా పెట్టాను.

పెద్ద నర్సు జానమ్మ బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. కళ్ల కింద మాస్కు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయింది. నలభై మంచాలకు తాము ముగ్గురమని, మీ తమ్ముడు తన్నుతున్నాడని, మాస్కు పీకుతున్నాడని, కట్టక ఏం చెయ్యాలని అలసటగా అడిగింది. నేను ఆర్డరు కాగితం చూపించబోయాను. ఇక్బాల్ బీ నన్ను ఆపింది.

ఆమె ఆ సిమెంటు నేల మీద, అందరి ముందర, వెల్లకిలా పడుకుంది. మోకాళ్లు ముడిచి, వీపు గుండ్రం చేసి, తల నేలకు ఆనకుండా గాలిలో పట్టింది. తమ్ముడి ఒంటిని తన ఒంటితో చూపించింది. మెడ నరాలు పొంగి, గొంతు నుంచి మాట నలిగి వచ్చింది.

"గిట్ల ఉంటడమ్మా. తల కింద చెయ్యి పెట్టి చూడు, ఎంత జాగా ఖాళీ ఉన్నదో. నిన్నటి సంది నా తమ్ముడు గీ ఖాళీల ఏలాడుతుండు."

జానమ్మ వంగి చెయ్యి పెట్టింది. అరచెయ్యి, దాని మీద ఇంకో అరచెయ్యి పట్టింది. ఇక్బాల్ బీ దిండ్లు ఒక్కొక్కటే తన కింద జరుపుకుంది. వీపు కింద ఒకటి, మెడకు ఒకటి, మోకాళ్లకు ఒకటి. ఛాతీ పైకి లేచింది. ఊపిరి తీసి, వదిలి చూపించింది.

జానమ్మ లేచి నిలబడింది. ముడుచుకున్నాడనుకున్నా, చాపితే చాచుకుంటాడనుకున్నా అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. తొడుగు ప్లాస్టిక్‌దే గనక దిండ్లు తుడిచి తీసుకుపోతానని, మీరు ఇంటికి పోండని అంది. అక్కడ నేను మాట్లాడాల్సి వచ్చింది.

"అమ్మా, దిండ్లు తీసుకునుడు మీ దయ. ఆమెను లోపలికి పంపుడు దయ గాదు, గీ కాగితం. ఆయన పక్క మార్చాలన్నా, బువ్వ తినిపియ్యాలన్నా, చెయ్యి ఇడిపియ్యాలన్నా ఆ ఒళ్లు తెలిసిన చెయ్యి ఉండాలె."

జానమ్మ కాగితం తీసుకుంది. నా అర్జీ వెనక రెండు వరుసలు రాసి సంతకం పెట్టింది. నవీన్‌కుమార్ యాకూబ్ కాగితంలో ఏమీ లేవు అన్న మాట కొట్టేసి, పైన కొత్త మాట రాశాడు. ఇక్బాల్ బీకి టీకా పడలేదు. తన ఇష్టంతోనే పోతున్నానని వేలిముద్ర వేసింది. తెల్ల బట్ట తొడిగారు. నడుచుకుంటూ పోతుంటే ఆ బట్టలో ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. చంకలోని దిండ్లను బట్టి గుర్తుపట్టాను.

నేను గేటు బయట వేపచెట్టు నీడలో కూర్చున్నాను. దశరథ్ బిస్కెట్లు తెచ్చాడు, తినలేదు. రెండయింది, మూడయింది. లోపలి నుంచి రెండు బండ్లు తెల్ల మూటలతో పోయాయి. ప్రతిసారీ లేచి నిలబడి, ఒళ్లంతా తిప్పి చూశాను. నాలుగు దాటాక ఫోన్ మోగింది. పంతులు.

"తొంభై ఒకటి" అన్నాడు. చెయ్యి కట్టు విప్పారని, అక్క తలగడ సర్దుతుంటే తమ్ముడు తిట్టాడని, తిట్టేంత ఊపిరి వచ్చిందని చెప్పాడు. ఆ పంతుల్ని నేను ఇప్పటిదాకా కళ్లతో చూడలేదు. ఆ సాయంత్రం ఆయన నవ్వు మాత్రం విన్నాను.

పన్నెండు రోజులు ఉంది ఇక్బాల్ బీ. మధ్యలో రెండు రోజులు తనకూ జ్వరం వచ్చింది, అదే వార్డులో మూల మంచం ఇచ్చారు. మా పక్క మండలం నాంపల్లి వైపు నుంచి మా లెక్కనే వంగిన ఇద్దరు ముసలివాళ్లు వచ్చారట. దవాఖాన దుప్పట్లు చుట్టి, తాళ్లు కట్టి, వాళ్లకు కొలత చూసి దిండ్లు చేసిచ్చింది. ఒకాయన బతికాడు. ఒకాయన పోయాడు. ఆ రెండోవాని గురించి అడిగితే, ఆలస్యంగా వచ్చిండు అని మాత్రం అంటుంది. జానమ్మ తరువాత వార్డు కాగితంలో ఒక వరుస కొత్తగా చేర్పించిందని విన్నాను. వెల్లకిలా పడుకోగలరా అని అడుగుతారట.

యాకూబ్ ఇంటికి వచ్చాడు. సన్నబడ్డాడు, ఎడమ మణికట్టు మీద గుడ్డ ఒరిసిన మచ్చ ఇంకా ఉంది. ఇక్బాల్ బీ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నేనే పోయాను. కలెక్టరు కప్పిన శాలువా, జరీ అంచుది, తీసుకుపోయి ఇది నీదే బిడ్డా అన్నాను. చేత్తో మందం చూసింది. కప్పుకుని యాడికి పోవాలె అని పక్కన పెట్టింది. అప్పుడు రెండో తప్పు గురించి మాట్లాడింది.

"నీ మాట మీద మేం సంతకాలు పెడుతం కాకా. నువ్వు తప్పు చెప్పినవని నాకు బాధ లేదు. తప్పని తెలిసి గంటన్నర నా పక్కన కూసున్నవు."

అవును బిడ్డా, కూసున్న అన్నాను. అయితే పని చెయ్యి అంది. ఊళ్లో సర్టిఫికెట్ ఉన్న ప్రతి మనిషికీ ఒక అట్ట రాయాలి, సదరంలో ఉన్నట్టు ఎంత శాతం అని కాదు. ఈ ఒళ్లు ఎట్లా పడుకుంటుంది, ఎట్లా తింటుంది, ఎక్కడ పట్టుకుంటే నొప్పి, తోడు ఎవరు ఉండాలి అని రాయాలి. ఫోన్ కవరులో పట్టేంత అట్ట. రేపు ఇంకో రోగం వస్తుంది, ఇంకో బండి వస్తుంది, అప్పుడు చెప్పేది మనిషి నోరు కాకూడదు.

జూన్ అంతా రాశాను. ఆమె కొలిచేది, నేను రాసేవాణ్ణి. ఇంటింటికీ తిరిగాం. యాదలక్ష్మి అట్ట మీద, కుడి భుజం పట్టి లేపరాదు. మారెమ్మ అట్ట మీద, నీళ్లు స్ట్రాతోనే. చేతిరాత మళ్లీ కుదిరింది. అరవై మూడూ అయిపోయాక పెన్ను మూత పెట్టి, అన్నీ అయినయి బిడ్డా, ఒక్కటి గూడ మిగలలే అన్నాను.

"ఒకటి మిగిలింది" అంది.

"ఎవలది?"

"నీది."

"నాకేమైంది బిడ్డా, నేను మంచిగనే..." అని ఆగిపోయాను. ఆ మాట నా చెవికే వినిపించింది. అట్ట పట్టుకున్న ఆ తెల్ల బట్ట మనిషి ముందర నిలబడి అన్న మాట అదే, గొంతు కూడా అదే.

ఇక్బాల్ బీ నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. మెడ వెనక చెయ్యి పెట్టి, ఊపిరి తీసుకో కాకా అంది. నాలుగు వేళ్లు పట్టాయి. డెబ్బై రెండేళ్లలో ఆ ఖాళీని ఎవరూ కొలవలేదు, నేనూ కొలుచుకోలేదు. వారానికి దిండు కుట్టి తెచ్చింది. పైన తొడుగు చూస్తే జరీ అంచు. ఇప్పుడు నా పెట్టెలో పది శాలువాలే ఉన్నాయి.

అరవై నాలుగో అట్ట నా చొక్కా జేబులో ఉంది. నా చేతిరాతే. మెడ తిరగదు. వెల్లకిలా పడుకోబెడితే తల కింద నాలుగు వేళ్ల దిండు ఉండాలి. పిలిచేవాళ్లు ఎదురుగా నిలబడి పిలవాలి.